పదమూడా, పందొమ్మిదా

జనవరి 8

గ్రెటా ఫోన్ చేసి నోరు మూసుకోమంది. తొమ్మిదేళ్లుగా నా ఒప్పందాలన్నీ చూస్తున్న ఏజెంటు కాబట్టి ఆ మాట అనే హక్కు ఆవిడకుంది. శుక్రవారం లోపు క్లబ్‌తో జీతం బేరం తెగకపోతే విషయం మధ్యవర్తుల దగ్గరికి వెళ్తుందట. తీర్పు వచ్చేదాకా నేను బేస్‌బాల్ గురించి గానీ, డబ్బు గురించి గానీ బయట ఒక్క ముక్క మాట్లాడకూడదట.

"మాట్లాడకుండా ఉండలేకపోతేనో?" అన్నాను.

"రాసుకో రస్. రాసింది మాత్రం ఎవరికీ చదివి వినిపించకు."

లోర్నా దాణా కొట్టుకి వెళ్లి ఈ డైరీ కొనుక్కొచ్చింది. అట్ట మీద ట్రాక్టరు బొమ్మ ఉంది. "నువ్వు నెల రోజులు నోరు కట్టేసుకుంటే మన కుక్క చర్చిలో పాట పాడుతుంది," అంది. కట్టుకున్న పెళ్లానికి నా మీద ఉన్న నమ్మకం అది.

ఇందులో ఏం రాయాలో ఇంకా తెలియదు. నాకు దిగులేమీ లేదు.

జనవరి 11

బేరం తెగలేదు. క్లబ్ పదమూడు లక్షల డాలర్లంది. మేం పందొమ్మిది అన్నాం.

ఇక ముగ్గురు పెద్దమనుషులు కూర్చుని, రెండు వైపులా విని, ఈ రెంటిలో ఒకటి ఎంచుతారు. పదమూడా, పందొమ్మిదా. పదహారు అనే మాటే లేదు. చీరి చెరిసగం పంచే అధికారం వాళ్లకి లేదు. ఆ తీర్పు కూడా ఈ ఒక్క ఏడుకే, వచ్చే ఏడు మళ్లీ మొదట్నుంచి ఇదే తంతు. పోయినేడు నా జీతం ఆరు లక్షలు లెండి. లెండి అని ఎవరితో అంటున్నానో.

ఇక్కడ నిజం చెప్పొచ్చు కాబట్టి చెప్తున్నాను. పదమూడు వినగానే నాకు చాలా ఎక్కువే అనిపించింది. మా నాన్న బతుకంతా గోధుమల లారీ తోలాడు. పందొమ్మిది అన్నప్పుడు మాత్రం ఎవరింట్లోనో వెండి చెంచా జేబులో వేసుకున్నట్టు అనిపించింది. గ్రెటాతో ఈ మాట అంటే ఫోన్‌లోంచే చెంప పగలగొట్టేది.

కడుపులో మంట. లోర్నా గ్రేవీలో మిరియాలు మరీ ఎక్కువ వేస్తుంది.

జనవరి 12

పొద్దున్నే మామ వచ్చాడు. ఎర్ల్, లోర్నా వాళ్ల నాన్న. నలభై ఏళ్లు చమురు బావుల దగ్గర పనిచేసి ఇప్పుడు మా పక్క వీధిలోనే ఉంటున్నాడు. లీగులో ఉన్న ప్రతి ఆటగాడి బ్యాటింగ్ సగటూ ఆయనకి నోటికొచ్చు. ఆదివారం పేపర్లో ఎక్కువ నుంచి తక్కువకి వరసగా వేస్తారు కదా, ఆ పేజీని కాఫీతో పాటు తాగేస్తాడు. కుర్చీ లాక్కుని, బిస్కెట్ విరుచుకుని నాకేసి చూశాడు.

"పందొమ్మిది లక్షలడిగావట?"

"గ్రెటా అడిగింది మామయ్యా."

"పోయినేడు నీ సగటెంత?"

"తెలిసే అడుగుతావేం?"

"నీ నోటితో వినాలని."

"రెండు వందల మూడు."

"అంటే వెయ్యిసార్లు బ్యాటు పట్టుకుని నించుంటే రెండొందల మూడుసార్లు కొట్టినట్టు. మా రోజుల్లో రెండొందల యాభై కొట్టినోడు పెళ్లిళ్లకి పోవడానిక్కూడా సిగ్గుపడేవాడు. మీ లీగులో నీకన్నా కింద ఎవరున్నార్రా?"

"పిచ్చర్లు," అన్నాను. బంతి విసరడమే వాళ్ల పని, కొట్టమని వాళ్లనెవరూ అడగరు.

"అందరూ కాదు అల్లుడూ. ఇద్దరు నీ నెత్తిమీదున్నారు. పేపర్లో చూశా."

లోర్నా పొయ్యి దగ్గర్నుంచి, "నాన్నా, తిను. తినేటప్పుడు మాట్లాడకు," అంది. నేను పడీపడీ నవ్వాను. నవ్వక ఏం చేస్తాను, ఉన్నమాటేగా. పరుగెత్తడం రాదు. కొట్టడం రాదు. నన్ను జట్టులో ఉంచుకున్నది నవ్విస్తానని. ఓడిపోయిన రోజు బస్సులో నేను గనక లేకపోతే ఒక్కడూ నోరు విప్పడని మైదానంలో మమ్మల్ని ఆడించే మేనేజరే అంటాడు. ఆ మాట అన్నప్పుడల్లా నేను ఎంత పొంగిపోతానో. అదీ ఒక ఉద్యోగమే. అందరికీ చేతకాదు.

జనవరి 15

గ్రెటా పంపిన లెక్కల మనిషి వచ్చింది. పేరు ఆడ్రీ. యాభై దాటి ఉంటాయి. ఇదివరకు బీమా కంపెనీలో ఎవరెప్పుడు పోతారో లెక్కలు కట్టేదట. ఇప్పుడు ఆటగాళ్ల జీతాలకి లెక్కలు కడుతుంది. "రెంటికీ పెద్ద తేడా లేదు," అంది, కోటు విప్పుతూ. నాకు వెంటనే నచ్చింది.

వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టి నా ఆట నాకే చూపించింది. క్యాచర్ని కదా, బ్యాటు పట్టినవాడి వెనక గొంతుకూర్చుని బంతులు పట్టడం నా పని. పిచ్చర్ విసిరిన బంతి బ్యాటరు ముందు నేల మీదున్న ప్లేటు మీదుగా వెళ్తే స్ట్రైక్, మాకు లాభం; పక్కకి పోతే బాల్, వాళ్లకి లాభం. సరిగ్గా అంచు మీదకొస్తే? అప్పుడు అంపైర్ కళ్లు నా చేతిని చూస్తాయి. చెయ్యి కుదిపానా, బాల్. మెత్తగా పట్టి అక్కడే ఆపానా, స్ట్రైక్. ఇందులో కొత్తేముంది? చిన్నప్పుడు మా మొదటి కోచ్, నిద్రపోతున్న పిల్లని ఎత్తుకున్నట్టు పట్టమనేవాడు. అలాగే పడతాను. ఇరవై ఏళ్లుగా.

"మీరు వెనక కూర్చున్నప్పుడు అంచు మీది బంతుల్లో స్ట్రైకులు బాగా ఎక్కువ," అంది ఆడ్రీ. "అన్నీ కలిపి లెక్క వేస్తే ఒక్క సీజన్లో అవతలి జట్లకి పద్దెనిమిది పరుగులు తగ్గించారు. లీగులో మీకన్నా ఎక్కువ తగ్గించినవాళ్లు ఒక్కరే."

"అది పిచ్చర్ల గొప్పండీ."

"అదే పిచ్చర్లు, అదే రకం బంతులు, వెనక వేరే క్యాచర్ ఉంటే స్ట్రైకులు పడిపోతున్నాయి."

"అయితే అంపైర్ల దయ."

"అంపైర్లందరికీ మీ ఒక్కరి మీదే ఎందుకంత దయ?"

"వాళ్ల పిల్లల పేర్లు నాకు తెలుసు. అడుగుతూ ఉంటా, చదువులెలా ఉన్నాయని."

ఆవిడ నవ్వలేదు. లోర్నా పెట్టిన, పెకాన్ పై అనే మిఠాయిలో ఆఖరి ముక్క నెమ్మదిగా తిని, ఫోర్కు కింద పెట్టింది. "ట్విచెల్ గారూ, మీకు మీ మీద నమ్మకం కలిగించడానికి నాకు డబ్బులివ్వట్లేదు. ఆ ముగ్గురికి కలిగించడానికే ఇస్తున్నారు. మీరు గమ్మునుంటే చాలు."

ఇంకో ముక్క పై కట్టించుకుని వెళ్లింది.

జనవరి 16

పద్దెనిమిది పరుగులు. నవ్వొస్తోంది.

జనవరి 17

పద్దెనిమిది ఎక్కువా తక్కువా అని లోర్నాని అడిగాను. "దేన్లో?" అంది. ఏం లేదులే అన్నాను.

జనవరి 20

డెజ్ ఫోన్ చేశాడు. మా జట్టులో వాడే నంబర్ వన్ పిచ్చర్. లూయిజియానా వాడు. ఇరవై నాలుగేళ్లకే వాడి బంతి పట్టుకుంటే నా అరచెయ్యి మూడు రోజులు బూరెలా ఉంటుంది. ఊరికే చేశాడట. వాడు ఊరికే చేశాడంటే గంట.

"అన్నా, ఈ ఏడు కూడా నువ్వేగా నా వెనక?"

"క్లబ్‌నడుగు. నన్నడుగుతావేం?"

"నువ్వుంటేనే నేను కిందికేస్తా. ఇంకోడుంటే భయమేస్తది. పైకేసి, గోడవతలికి కొట్టించుకుని హోమ్ రన్నులిచ్చుకుంటా."

"ఎందుకు భయం?"

"ఏమో అన్నా. నువ్వు పట్టుకుంటావుగా."

మంచి పిల్లాడు. జీతం గొడవ విని నన్ను ఊరడించడానికి అన్నాడు. ఇలాంటి మాటలకి ఉబ్బిపోకూడదు.

రాత్రి ఇంకోసారి గుర్తొచ్చింది, నువ్వు పట్టుకుంటావుగా అన్నది. మర్యాద తెలిసిన కుటుంబం వాళ్లది.

జనవరి 23

ఈ రోజు పొద్దున రేడియోకి వెళ్లాను. ముందే రాస్తున్నా, ఇది ఆట గురించి కాదు. వచ్చే శనివారం మా ఊరి అగ్నిమాపక దళానికి కొత్త గొట్టాల కోసం చిల్లీ అనే ఘాటు మాంసం కూరతో విందు పెడుతున్నాం. దాని గురించి రెండు ముక్కలు చెప్పమని క్లీట్ పిలిచాడు. క్లీట్ నాతో స్కూల్లో చదివాడు. ఇప్పుడు తెల్లవారి పూట ఆవు అరుపుతో మొదలెట్టి ఆవుల ధరలూ, వానల సంగతులూ చెప్తాడు. అంతే ఆ రేడియో.

చిల్లీ గురించి చెప్పాను. అక్కడితో లేచి రావాల్సింది. క్లీట్ వెధవ కన్ను కొట్టి, "ఏంట్రా రస్, కంప్యూటర్లోళ్లు నువ్వు స్ట్రైకులు దొంగతనం చేస్తావంటున్నారు?" అన్నాడు.

ఎదురుగా మైకు ఉంది. అద్దం అవతల ముగ్గురు నాకేసి చూస్తున్నారు. నేనేం చేస్తాను?

"దొంగతనమా? పొద్దున లేస్తే నా రెండో సాక్సే నాకు దొరకదు," అన్నాను. నవ్వారు. నవ్వితే నేనాగను. "పద్దెనిమిది పరుగులు ఆపానంట. వాటిలో ఒక్కదాన్నీ నేను చూడలా. ఎవరికన్నా కనపడితే మా ఇంటికి తోలండి, దాణా వేస్తా. క్యాచర్ పనంటే బంతి కింద పడకుండా చూసుకోడం క్లీట్. మిగతాదంతా చదువుకున్నోళ్ల కథలు. మా క్లబ్ నన్నుంచుకుంది జోకులకి. జీతమిచ్చేదీ దానికే."

క్లీట్ బల్ల మీద పడి నవ్వాడు. వాన సంగతులు చదవలేకపోయాడు పాపం.

వచ్చేటప్పుడు బండి లోర్నా నడిపింది. నేనే అన్నాను, ఆ రేడియో ఆవులు తప్ప ఎవరూ వినరని.

"ఊఁ," అంది.

జనవరి 24

గ్రెటాకి చెప్పాల్సిన పనేముంది? చిల్లీ గురించే కదా.

జనవరి 25

ఆవులు కూడా సరిగా వినవు.

జనవరి 27

నిన్నటి విందుకి ఊరంతా వచ్చింది. కొత్త గొట్టాలకి సరిపడా పోగయ్యింది. మామ వండిన చిల్లీకి మొదటి బహుమతి. జడ్జీల్లో ఒకడికి కళ్లనీళ్లు ఆగలేదు. అందరూ నా రేడియో జోకులు నాకే మళ్లీ చెప్పి నవ్వించారు. ఊళ్లో సగం మంది విన్నట్టున్నారు. ఈ ఊళ్లో ఇంతమందికి ఆవులున్నాయని నాకు తెలియదు.

కడుపులో మంట. చిల్లీ.

ఫిబ్రవరి 10

ఫ్లోరిడా చేరాం. ఈ హోటల్ కిటికీ తీస్తే సముద్రం. ఎల్లుండి ఇదే హోటల్లో, కింద ఒక గదిలో, నా సంగతి తేలుతుంది. సీజన్ ముందు సాధన చేసే క్యాంపు కూడా ఇక్కడికి గంట దూరమే. పిచ్చర్లూ క్యాచర్లూ పద్నాలుగున హాజరవ్వాలి. అంటే పన్నెండున ఏ క్లబ్ నన్ను ఎందుకూ పనికిరానివాడని తిడుతుందో, పద్నాలుగున అదే క్లబ్ టోపీ పెట్టుకుని దిగాలి. వేరే ఉద్యోగాల్లో ఇలా ఉంటుందో లేదో.

లోర్నా సూటు కొంది. కోటు సరిపోయింది గానీ ప్యాంటు తొడల దగ్గర పట్టేసింది. ఇరవై ఏళ్లు గొంతుకూర్చున్నవాడి తొడలకి సరిపోయే ప్యాంటు ఈ దేశంలో ఎవడూ కుట్టడు. "కూర్చో, లేవకు," అంది లోర్నా. అందరూ నాకు చెప్పేది అదే.

దిగులేం లేదు. విమానంలో ఇచ్చిన కాఫీ పడలేదు, అంతే.

ఫిబ్రవరి 12

ముందునుంచీ రాస్తాను. ఏదీ వదలకూడదు.

గదిలో పొడవాటి బల్ల. అడ్డంగా ముగ్గురు మధ్యవర్తులు. మధ్యలో తెల్లజుట్టు పెద్దావిడ, న్యాయశాస్త్రం పాఠాలు చెప్పే ప్రొఫెసరట. "నేను బేస్‌బాల్ పూర్తిగా ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. కాబట్టి నెమ్మదిగా చెప్పండి," అని ముందే అంది. ఒకవైపు నేనూ, గ్రెటా, ఆడ్రీ. ఎదురుగా క్లబ్ తరఫున క్లబ్ డబ్బు వ్యవహారాలు చూసే మా జనరల్ మేనేజర్ ప్రూయిట్, న్యూయార్క్ నుంచి తెచ్చిన లాయరు. ప్రూయిట్ లేచొచ్చి చెయ్యి కలిపి, "మోకాళ్లెలా ఉన్నాయి రస్?" అన్నాడు. క్రిస్మస్‌కి ఈయనే మా ఇంటికి పంది తొడ హామ్ పంపాడు. బాగుంది కూడా. ఆ మాటే చెప్పాను.

మొదట ఆడ్రీ. గంటసేపు అంచు బంతులు, స్ట్రైకులు, పద్దెనిమిది పరుగులు. బొమ్మలు చూపించి చెప్పింది. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని పొగుడుతుంటే ఎక్కడ చూడాలి మనిషి? చెవులు కాలిపోయాయి. ఎప్పుడైపోతుందా అనుకున్నాను.

తరవాత లాయరు. ఆయన మాట్లాడ్డం మొదలెట్టగానే నాకు హాయిగా అనిపించింది. తెలిసిన మాటలు. మామ మాటలు.

"బ్యాటింగ్ సగటు రెండు వందల మూడు," అన్నాడు. నిజమే. తల ఊపాను.

"సీజన్ మొత్తానికి నాలుగు హోమ్ రన్నులు." ఊపాను.

"పరుగులో లీగు మొత్తంలో అందరికన్నా నెమ్మది." ఇది కూడా నిజమే, ఇంకాస్త గట్టిగా ఊపాను. బల్ల కింద గ్రెటా మడమతో నా కాలివేళ్లు తొక్కింది. అప్పుడు గానీ చూసుకోలేదు, ముగ్గురు పెద్దమనుషులూ లాయర్ని వదిలేసి నన్నే చూస్తున్నారు.

"ఇక ఈ కొత్తరకం అంకెల గురించి," అంటూ లాయరు ఒక మీట నొక్కాడు.

ఆవు అరిచింది. తరవాత క్లీట్ గొంతు, ఆ రోజు కోడెదూడల ధర. ఆ తరవాత నేను.

సాక్సు దగ్గర ప్రొఫెసరమ్మ పెదవి బిగించుకుంది. దాణా వేస్తా అన్న దగ్గర ఇక ఆగలేక కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ప్రూయిట్ నవ్వాడు. దేవుడి మీద ఒట్టు, నేనూ నవ్వాను. అది మంచి జోకు. ఆ తరవాత గ్రెటా మొహం చూశాను.

"చదువుకున్నోళ్ల కథలు," అన్నాడు లాయరు మెల్లగా, నా మాటే. "క్యాచరే నమ్మని అంకెలకి క్లబ్ ఆరు లక్షల డాలర్లు ఎందుకు ఎక్కువివ్వాలి?" కూర్చున్నాడు.

పావుగంట విరామం ఇచ్చారు. వరండాలో నిలబడ్డాం. గ్రెటా అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"రాసుకోమన్నాను కదా రస్," అంది.

"రాసుకున్నాను కూడా."

అప్పుడు ఆడ్రీ నా ఎదురుగా వచ్చి నిలబడింది. "ఒక్కటి చెప్పండి. రేడియోలో అన్నది వేళాకోళమా, నిజంగా అనుకుంటున్నదా? జోకుల కోసమే మిమ్మల్ని ఆడిస్తున్నారని?"

ఏదో ఒకటి అనబోయాను. నవ్వించే మాట. నోట్లోకి రాలేదు.

"మరి దేనికండీ?" అన్నాను.

ఆవిడ బీమా కంపెనీలో ఎంతమంది మొహాలు చూసి ఉంటుందో గానీ ఇలాంటి మొహం చూసినట్టు లేదు. "సరే. లోపల అదే చెప్తాను," అంది.

ఆఖరి అరగంటకి ఆడ్రీ లేచింది. కంప్యూటర్ మూసేసింది. బొమ్మల్లేవు.

"రేడియోలో ట్విచెల్ గారు చెప్పింది అక్షరాలా నిజమే అనుకుందాం," అంది. "ఈ క్లబ్‌లో ముగ్గురు క్యాచర్లున్నారు. మిగతా ఇద్దరూ ఈయనకన్నా బాగా కొడతారు. ఈయనకన్నా వేగంగా పరుగెత్తుతారు. లాయరుగారు చదివిన ప్రతి అంకెలోనూ వాళ్లే పైన. పోయిన సెప్టెంబర్లో ఒక్క మ్యాచ్ ఓడినా క్లబ్ ఇంటికి పోవాల్సిన పరిస్థితి. అప్పుడు రోజు తరవాత రోజు వాళ్లిద్దర్నీ పక్కన పెట్టి ఈయన్ని ఆడించారు. నిజంగా జోకుల కోసమే అయితే..." అని ఆగి, ప్రూయిట్‌ని చూసింది. "జోకులు బెంచీ మీద కూర్చుని కూడా చెప్పొచ్చు కదండీ?"



నేను ప్రూయిట్‌నే చూస్తున్నాను. ఆయన మాత్రం తన ముందున్న కాగితాల్లోకి చూస్తున్నాడు. ఏమీ రాసిలేని వైపు. మెడ దగ్గర్నుంచి ఎర్రబడుతూ చెవులదాకా వచ్చింది. తెలుసు ఆయనకి. మొదట్నుంచీ తెలుసు. మేనేజర్‌కి తెలుసు. డెజ్‌కి తెలుసు. లీగులో నాకొక్కడికే తెలియదు.

ఏడుపొచ్చింది. అంతమంది పెద్దమనుషుల ముందు, బిగుతు ప్యాంటులో. దాచుకోవాల్సిన పనిలేదు కాబట్టి రాస్తున్నాను, నా బతుకులో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. పెళ్లి రోజున కలిగింది గానీ అది వేరు, అప్పుడు లోర్నా గొప్పతనం.

లేచి నిలబడ్డప్పుడు ప్యాంటు వెనక చిరిగింది. అందరూ విన్నారు. గదిలోంచి ఆఖర్న, గోడవారగా, గ్రెటా బ్యాగు అడ్డం పెట్టుకుని బయటికొచ్చాను.

పైకొచ్చి లోర్నాకి అంతా చెప్పాను. బెంచీ మాట దగ్గర ఆగమంది. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను.

"నేను ఆరేళ్లుగా చెప్తున్నా," అంది.

"నువ్వు నా పెళ్లానివి. నీ మాట లెక్కలోకి రాదు."

దిండు తీసి కొట్టింది.

ఫిబ్రవరి 13

ఓడిపోయాం. పదమూడు.

కారణం చెప్పరు. ముగ్గురూ ఒక అంకె చెప్పి వెళ్లిపోతారు, అది వాళ్ల పద్ధతి. కాబట్టి రేడియో వల్లనా కాదా అనేది ఎప్పటికీ తేలదు. కాదనే అంటోంది లోర్నా. గ్రెటా ఏమీ అనలేదు. గ్రెటా అనకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు.

ఆరు లక్షల డాలర్ల జోకు! ఇంత ఖరీదైన జోకు ఈ దేశంలో ఇంకెవరైనా వేశారా? తలుచుకుంటే నవ్వాగలేదు. లోర్నా మొదట నన్ను భయం భయంగా చూసింది. తరవాత తనకీ అంటుకుంది. మంచం మీద పడి కడుపు పట్టుకుని నవ్వాం. కింద గదివాళ్లు ఫోన్ చేసి అడిగేదాకా.

డబ్బు పోయినందుకు బాధ లేదంటే అబద్ధం. ఉంది. గంటకోసారి గుచ్చుకుంటోంది. గుచ్చుకున్నాక మళ్లీ బెంచీ మాట గుర్తొస్తోంది.

మామకి ఫోన్ చేశాను.

"పదమూడా? నేను చెప్పలా?" అన్నాడు.

"చెప్పావు మామయ్యా." అని ఆడ్రీ అన్నది పొల్లు పోకుండా చెప్పాను. ముగ్గురు క్యాచర్లు, సెప్టెంబరు, బెంచీ. లైను తెగిందనుకున్నాను.

"అల్లుడూ."

"ఆఁ."

"ఆ మిగతా ఇద్దరూ ఎంతెంత కొట్టారో నాకు తెలుసు. ఒకడు రెండొందల అరవై ఒకటి. ఇంకోడు రెండొందల నలభై ఎనిమిది."

"ఊఁ."

"మరి వాళ్లని కాదని నిన్నెందుకు కూచోబెట్టార్రా ప్లేటు వెనక?" ఆయన కుర్చీ కిర్రుమంది. "ఈ మాట నాకెందుకు తట్టలేదు? ఇన్నేళ్లు ఆదివారం పేపర్లో నేను చూసిందేంటి?"

పెద్దాయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు. పోనీలే మామయ్యా అన్నాను.

"పోనీలే ఏంట్రా! ఆరు లక్షలు! ఆ ప్రూయిట్ నంబరివ్వు, నేను మాట్లాడతా!"

ఇవ్వలేదు. లోర్నా దగ్గర తీసుకుంటాడేమో, ఆవిడకి ముందే చెప్పి పెట్టాను.

ఫిబ్రవరి 14

క్యాంపు మొదటి రోజు. నేను లోపలికి అడుగు పెట్టగానే అందరి మాటలూ ఆగిపోయాయి. తీర్పు సంగతి పేపర్లో వచ్చింది కదా. నేనేదో ఒకటి అంటానని, తాము నవ్వి తేలికపడొచ్చని ఎదురుచూస్తున్నారు. "అంపైర్ల పిల్లలకి పరీక్షలట. ఈ ఏడు కష్టమే," అన్నాను. నవ్వారు. అదీ నా పనే, మానుకోను. కానీ ఇప్పుడు తెలుసు, అది పైసంపాదన.

డెజ్‌కి ముప్పై బంతులు పట్టాను. వాడు అన్నీ మోకాలి కిందికే వేశాడు. ఒక్కొక్క బంతీ పడుతూ నా చేతినే చూశాను, ఎవరిదో చూస్తున్నట్టు. నిజంగానే కదలదు. ఎంత బాగుందో. ఇరవై ఏళ్లు నా దగ్గరే పెట్టుకుని చూసుకోలేదు.

పది గంటలప్పుడు ప్రూయిట్ కాఫీ కప్పు పట్టుకుని కంచె దగ్గరికొచ్చాడు. ఇటు చూస్తాడు, అటు చూస్తాడు. చివరికి నన్ను పిలిచాడు.

"రస్, మొన్నటిది... అదంతా వ్యాపారం. తెలుసుగా? ఏదీ మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోలేదు సార్."

"లాయరు కాస్త ఎక్కువ చేశాడు."

"ఆయన చెప్పినవన్నీ నిజాలే. నేను తల కూడా ఊపాను."

నవ్వాడు. జోకు అయిపోయింది, ఇక వెళ్లొచ్చు అనుకున్నట్టున్నాడు, వెనక్కి తిరిగాడు.

"సార్, ఒకటి అడగనా?" అన్నాను. "ఈ ఏడు నన్నెన్ని మ్యాచ్‌లాడించాలనుకుంటున్నారు?"

"నిన్నా?" అంటూ ఇటు తిరిగాడు. ఇలాంటి మాటలు ఆయనకి కొట్టినపిండి, ఆలోచించకుండానే చెప్పేశాడు. "మోకాళ్లు బాగుంటే నూట పది. నూట ఇరవై దాకా లాగాలని మేనేజర్‌కి ఉంది. కుర్ర పిచ్చర్లు ముగ్గురు పైకొస్తున్నారు, వాళ్లందరి వెనకా నువ్వే ఉండాలి."

"పోయినేడు తొంభై నాలుగు."

"అవును, ఈసారి ఇంకా..."

అక్కడ ఆగాడు. నోరు తెరిచినట్టే ఉంది. కప్పులో కాఫీ ఒలికి చేతి మీద పడింది, చూసుకోలేదు. నేను నవ్వలేదు. నవ్వించలేదు. ఆయన్ని చూస్తూ నిలబడ్డాను అంతే.

"వచ్చే ఫిబ్రవరిలో అదే బల్ల దగ్గర కలుద్దాం సార్," అన్నాను. మాస్కు దించుకుని నా చోటికి వెళ్లి కూర్చున్నాను.